గణితసమాసానికి విగ్రహవాక్యం

పాఠ్యోద్దేశం

ప్రక్రియ: వ్యాసం. వ్యాకరణ పాఠంలో విద్యార్థి చేసే పదవిభాగం, విగ్రహం, అన్వయం అనే పనులనే నేడు కంప్యూటర్ గణితసూత్రాల విషయంలో చేస్తున్నది. టైపు చేసిన అక్షరాల వరుసను యంత్రం ఏ విధంగా అర్థవంతమైన గణితసమాసంగా గ్రహిస్తుందో, ఆ గ్రహింపులో ఎక్కడ పొరపాటుకు అవకాశం ఉందో తెలియజేయడం ఈ పాఠ్యాంశం ఉద్దేశం.

ఒకే మాట – రెండు విగ్రహాలు

తెలుగు మాధ్యమంలో గణితం చదివినవారికి ‘సమాసం’ అనే మాట రెండుచోట్ల తారసపడుతుంది. వ్యాకరణంలో రెండు లేదా అంతకంటె ఎక్కువ పదాలు కలిసి ఏకపదమైతే అది సమాసం. బీజగణితంలో సంఖ్యలు, చరరాశులు, పరిక్రియలు కలిసి ఒకే రాశిగా ఏర్పడితే అదీ సమాసమే. ఈ పేరు రెంటికీ చక్కగా కుదిరింది. ఎందుకంటే రెండింటిలోనూ పైకి కనిపించేది ఒక వరుస. లోపల దాగి ఉండేది ఒక సంబంధం. ఆ సంబంధాన్ని విప్పి చెప్పేదే విగ్రహవాక్యం.

‘పాత పుస్తకాల గది’ అన్నప్పుడు పాతవి పుస్తకాలా, గదా? పాత పుస్తకాలు ఉంచిన గది అని ఒక విగ్రహం; పుస్తకాలు ఉంచిన పాత గది అని మరొకటి. అక్షరాలు మారలేదు, పదాల వరుస మారలేదు. ఏ పదం ఏ పదంతో ముందుగా కలుస్తున్నదనే విషయం మాత్రమే మారింది. దానితో అర్థం మారిపోయింది.

విగ్రహం తప్పితే ఏమవుతుందో చెప్పడానికి మన శాబ్దికులు ఒక పురాతన కథను ఉదాహరిస్తారు. పతంజలి మహాభాష్యంలో వ్యాకరణం ఎందుకు చదవాలో చెప్పే సందర్భంలో ఆ ప్రస్తావన ఉంది. తన కుమారుణ్ణి చంపిన ఇంద్రునిపై పగబట్టిన త్వష్ట, ఇంద్రుణ్ణి సంహరించగల మరొక పుత్రుణ్ణి కోరి హోమం చేశాడు. అందులో ‘ఇంద్రశత్రు’ అనే సమాసాన్ని ఉచ్చరించవలసి వచ్చింది. ఉదాత్తస్వరం చివరి అక్షరంపై ఉంటే అది తత్పురుషం. ఇంద్రుణ్ణి చంపేవాడు అని అర్థం. మొదటి అక్షరంపై ఉంటే అది బహువ్రీహి. ఇంద్రుడే తనను చంపేవాడుగా కలవాడు అని అర్థం. స్వరం తప్పింది. పుట్టిన వృత్రుడు ఇంద్రుణ్ణి చంపలేదు. ఇంద్రుని చేతిలోనే హతుడయ్యాడు. కోరినది ఒకటి, పలికినది ఒకటి. దేవతలు పలికినదానినే స్వీకరించారు.

కంప్యూటర్ కూడా అటువంటి శ్రోతే. మనసులో ఉన్నదానిని అది ఎరుగదు. రాసినదానిని మాత్రమే ఎరుగును.

అక్షరంతో గణితం

తెలియని రాశికి అక్షరాన్ని గుర్తుగా వాడే పద్ధతి భారతీయులకు కొత్త కాదు. బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో రచించిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలోనూ, 12వ శతాబ్దికి చెందిన రెండవ భాస్కరాచార్యుని బీజగణితంలోనూ అవ్యక్తరాశుల గణితం విస్తారంగా ఉంది. తెలియని రాశిని ‘యావత్తావత్’ అన్నారు. ‘ఎంతయితే అంత’ అని దాని భావం. రాసేటప్పుడు మొదటి అక్షరమైన ‘యా’ను మాత్రమే గుర్తుగా ఉంచారు. రెండవ, మూడవ అవ్యక్తరాశులకు కాలకము, నీలకము మొదలైన రంగుల పేర్లు పెట్టి ‘కా’, ‘నీ’ అని సంక్షేపించారు. ఈ పాఠంలోనూ చరరాశికి ‘యా’ అనే గుర్తునే వాడుకుందాం.

నాటి లెక్కలు చాలావరకు శ్లోకాలలోనే ఉండేవి. మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. పద్యంలోని లెక్కను చేయాలంటే విద్యార్థి ముందుగా పదాలను విడదీయాలి, తరువాత అన్వయించాలి, ఆ తరువాతనే గణించాలి. అన్వయం తప్పినవాడు ఎంత చక్కగా గుణించినా ఫలితం తప్పే.

యంత్రానికి కనిపించేది

‘2 + 3 × 4’ అని మనం చదివినప్పుడు మనకు సంఖ్యలు కనిపిస్తాయి. కంప్యూటర్‌కు తొలిచూపులో కనిపించేది వట్టి అక్షరాల వరుస. ప్రోగ్రామింగ్‌లో దీనిని ‘స్ట్రింగ్’ అంటారు. దారానికి గుచ్చిన పూసలవలె ఒకదాని పక్కన ఒకటి ఉన్న గుర్తులు అని భావం. అందులోని ‘2’ అనే గుర్తు యంత్రానికి రెండు అనే సంఖ్య కాదు. ప్రసిద్ధమైన ఆస్కీ సంకేతావళిలో ఆ గుర్తుకు కేటాయించిన సంఖ్య 50. కూడిక గుర్తుకు 43. ఈ పూసల వరుసను గణితంగా మార్చే ప్రక్రియకు ‘పార్సింగ్’ అని పేరు. మన పరిభాషలో అది అన్వయం.

ఇందులో మొదటి మెట్టు పదవిభాగం. ‘12 + యా’ అనే వరుసలో 1, 2 అనే గుర్తులను వేరువేరుగా తీసుకోరాదు; రెండూ కలిసి పన్నెండు అనే ఒక పదం. ఇటువంటి పదాన్ని ప్రోగ్రామర్లు ‘టోకెన్’ అంటారు. ఇక్కడే తొలి సందేహం ఎదురవుతుంది. ‘యాకా’ అని రాస్తే అది రెండు చరరాశుల లబ్ధమా, లేక ‘యాకా’ అనే పేరుగల ఒకే చరరాశా? ‘2యా’ అంటే రెండు యాలు అని గణిత విద్యార్థి ఎరుగును. గుణకార గుర్తు అక్కడ లోపించినా భావంలో ఉంది. పెక్కు ప్రోగ్రామింగ్ భాషలు మాత్రం ఆ లోపాన్ని అంగీకరించవు. గుర్తు రాయనిదే దోషం అంటాయి. విద్యార్థి అలవాటును అంగీకరించాలంటే లుప్తమైన గుణకారాన్ని తిరిగి చేర్చే నియమాన్ని యంత్రానికి విడిగా బోధించాలి.

మూడు సూత్రాలు

రెండవ మెట్టు అన్వయం. 2 + 3 × 4 విలువ 14. ఎడమ నుంచి వరుసగా చేసుకుంటూ పోతే 20 వస్తుంది, అది తప్పు. గుణకారానికి సంకలనం కంటె ప్రాధాన్యం ఎక్కువ అనే నియమం యంత్రానికి స్వతహాగా తెలియదు. దానిని వ్యాకరణ సూత్రాలుగా చెప్పవలసి ఉంటుంది. అవి ఇలా ఉంటాయి:

1. సమాసం అంటే ఒక పదం; లేదా ఒక సమాసం, దాని తరువాత కూడిక గుర్తు, దాని తరువాత ఒక పదం.
2. పదం అంటే ఒక కారణాంకం. లేదా ఒక పదం, దాని తరువాత గుణకార గుర్తు, దాని తరువాత ఒక కారణాంకం.
3. కారణాంకం అంటే ఒక సంఖ్య. లేదా ఒక చరరాశి. లేదా కుండలీకరణాల మధ్య ఉన్న ఒక సమాసం.

ఈ మూడు సూత్రాలలో ప్రాధాన్యం అనే మాటే లేదు. అయినా ప్రాధాన్యం వాటి కూర్పులోనే ఇమిడి ఉంది. 3 × 4 మొదట ఒక పదంగా ఏర్పడితేనే అది 2తో కూడికకు అర్హమవుతుంది. మూడవ సూత్రం తిరిగి మొదటి సూత్రాన్ని పిలుస్తున్నది. అందువల్ల కుండలీకరణాల లోపల మరి ఎన్ని కుండలీకరణాలు ఉన్నా ఈ మూడు సూత్రాలే చాలును. పరిమితమైన సూత్రాలతో అపరిమితమైన వాక్యాలను సాధించడం వ్యాకరణ రహస్యం.

ఇటువంటి సూత్రరచనా పద్ధతిని కంప్యూటర్ భాషలకు తెచ్చినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ బాకస్. అతని బృందం ఐ.బి.ఎం. సంస్థలో రూపొందించి 1957లో విడుదల చేసిన ‘ఫోర్‌ట్రాన్’ భాష పేరుకు అర్థమే సూత్రానువాదం. 1959లో బాకస్ ప్రతిపాదించిన వ్యాకరణలేఖన పద్ధతిని డెన్మార్క్ దేశస్థుడు పీటర్ నౌర్ సవరించి, 1960లో వెలువడిన ‘ఆల్గాల్’ భాషా నివేదికలో ఉపయోగించాడు. సుమారు నాలుగువేల సూత్రాలతో సంస్కృతభాషను నిబంధించిన పాణిని ఈ మార్గంలో పూర్వుడని గుర్తించి, ఆ పద్ధతికి ‘పాణిని–బాకస్ రూపం’ అని పేరు పెట్టడం ఉచితమని 1967లో పీటర్ ఇంగర్మన్ సూచించాడు. ఆ పేరు స్థిరపడలేదు. కాని ఆ సూచన వెనుక ఉన్న పోలిక నిజమైనది.

రైలు పట్టాలు – తెలుగు వాక్యం

సూత్రాలు ఉన్నాయి సరే, వాటిని అనుసరించి యంత్రం చేయవలసిన పని ఏమిటి? 1961లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞుడు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా ఒక సులభమార్గం చూపాడు. రైల్వే యార్డులో పెట్టెలను పక్కపట్టాకు మళ్లించి, వరుస మార్చి, తిరిగి ప్రధానమార్గంలోకి తెచ్చే దృశ్యం దానికి ఉపమానం. సంఖ్యలు నేరుగా ముందుకు సాగిపోతాయి. పరిక్రియల గుర్తులు పక్కపట్టాపై ఆగుతాయి. కొత్తగా వచ్చిన గుర్తు కంటె అక్కడ ఆగి ఉన్న గుర్తుకు ప్రాధాన్యం ఎక్కువైనా, సమానమైనా, ఆగి ఉన్నది ముందుగా బయలుదేరుతుంది. తక్కువైతే కొత్తది దాని ముందు వచ్చి నిలుస్తుంది.

2 + 3 × 4 విషయంలో 2 సాగిపోతుంది, కూడిక గుర్తు ఆగుతుంది, 3 సాగిపోతుంది. గుణకార గుర్తు వచ్చి కూడిక గుర్తు ముందు నిలుస్తుంది, 4 సాగిపోతుంది. వరుస ముగిసిన తరువాత ముందు నిలిచిన గుణకారం, వెనుక ఉన్న కూడిక క్రమంగా బయలుదేరుతాయి. చివరకు ఏర్పడిన వరుస: 2 3 4 × +. ఇందులో కుండలీకరణాల అవసరమే లేదు.

కుండలీకరణాలు లేకుండా సందేహం లేని సూత్రం రాయవచ్చునని పోలండ్ తార్కికుడు యాన్ లుకాసియెవిచ్ 1924లోనే గ్రహించాడు. ఆయన పరిక్రియను ముందు ఉంచాడు. ఇక్కడ అది చివరకు చేరింది. ఈ చివరి వరుస తెలుగువారికి వింతగా తోచనక్కరలేదు. ‘రెండును, మూడు నాలుగులను గుణించి, కూడవలెను’ అన్నట్లే ఉంది. కర్త, కర్మలు ముందు వచ్చి క్రియ చివర నిలవడం మన వాక్యస్వభావం. యంత్రం తన సౌకర్యం కోసం ఎంచుకున్న క్రమం తెలుగు వాక్యక్రమమే కావడం గమనింపదగిన విషయం.

అర్థవృక్షం

అన్వయం పూర్తయిన తరువాత యంత్రంలో నిలిచేది వరుస కాదు, వృక్షం. 2 + 3 × 4 అనే సమాసానికి మొదట్లో కూడిక ఉంటుంది. దాని ఒక కొమ్మ 2. రెండవ కొమ్మ గుణకారం. ఆ గుణకారానికి 3, 4 అనే రెండు ఆకులు. (2 + 3) × 4 అని రాస్తే మొదట్లో గుణకారం నిలుస్తుంది. కూడిక దాని కొమ్మ అవుతుంది. విలువ 20. గుర్తులు దాదాపు అవే, వృక్షం వేరు.

సమాన ప్రాధాన్యం గల గుర్తులు వచ్చినప్పుడు కూడా నియమం కావాలి. 10 − 4 − 3 అంటే ఎడమ నుంచి చేయగా 3; కుడి నుంచి చేస్తే 9. ఇక్కడ ఎడమ నుంచి చేయడమే సంప్రదాయం. ఘాతాల విషయంలో ఇది తారుమారవుతుంది. 2 పై 3, ఆ 3 పై 2 ఉంటే గణితసంప్రదాయం పైనుంచి కిందికి వచ్చి 512 అంటుంది. కిందినుంచి పైకి పోతే 64 వస్తుంది. −3² అని రాస్తే గణితపుస్తకంలో దాని విలువ −9. కాని ఎక్సెల్ పట్టికలో అదే సమాసాన్ని ఇస్తే 9 వస్తుంది. అక్కడ రుణగుర్తు ఘాతం కంటె ముందుగా సంఖ్యతో కలుస్తుంది. రెండూ తమతమ నియమాలకు కట్టుబడినవే. ఏ నియమం అమలులో ఉన్నదో తెలియనివాడే నష్టపోతాడు.

సంఖ్య కావలసినచోట విలువ కట్టితే సరిపోతుంది. సమాసాన్ని సమాసంగానే నిలుపుకోవలసినప్పుడు వృక్షం విలువ తెలుస్తుంది. (యా + 1)² అనేదానికి విలువ కట్టలేము. కాని యా² + 2యా + 1 అని విస్తరించగలము. యా² + 3యా అనే వృక్షంలో కొమ్మకొమ్మకు నియమాన్ని వర్తింపజేస్తూ పోతే 2యా + 3 అనే అవకలజం లభిస్తుంది. 1/3ను 0.333గా కుదించకుండా భిన్నంగానే ఉంచగలము. ఇటువంటి పనిని సంకేతగణనం అంటారు. అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1968లో ప్రారంభమైన ‘మాక్‌సైమా’, దాని సంతతిగా నేటికీ వాడుకలో ఉన్న ‘మాక్సిమా’, పైథాన్ భాషలో రూపొంది 2007 నుంచి అందరికీ ఉచితంగా లభిస్తున్న ‘సింపై’ ఈ కోవకు చెందినవి.

చదవడం వేరు – ఆజ్ఞను పాటించడం వేరు

అన్వయానికి ఒక అడ్డదారి ఉంది. పైథాన్ వంటి భాషకు గణితసమాసాలను చదవగల నేర్పు ముందే ఉంది. కాబట్టి వినియోగదారుడు టైపు చేసిన వరుసను ఉన్నది ఉన్నట్లుగా ఆ భాషకే అప్పగిస్తే చాలునని కొందరు ప్రోగ్రామర్లు తలుస్తారు. పని సులభమే, కాని ఇందులో రెండు చిక్కులున్నాయి.

మొదటిది అర్థభేదం. పైథాన్‌లో 1/2 అంటే భిన్నం కాదు, 0.5 అనే దశాంశం. ఘాతానికి చాలామంది వాడే టోపీ గుర్తుకు ఆ భాషలో ద్వియాంశ సంఖ్యలకు సంబంధించిన వేరొక పరిక్రియ అని అర్థం. 2కు, 3కు నడుమ దానిని ఉంచితే 8 రాదు, 1 వస్తుంది. ఒక భాషలోని గుర్తును మరొక భాష నియమంతో చదివినందువల్ల కలిగే దోషమిది.

రెండవది ప్రమాదం. పైథాన్ చదివి ఊరుకోదు, చదివినదానిని నెరవేరుస్తుంది. వచ్చిన వరుసలో సూత్రానికి బదులు ‘ఈ దస్త్రాలను తుడిచివేయుము’ అనే ఆజ్ఞ ఉంటే? యంత్రం తుడిచివేస్తుంది. సింపైలో వరుసను సమాసంగా మార్చే సౌకర్యం కూడా లోలోపల ఈ మార్గాన్నే ఆశ్రయిస్తుంది. అందుచేత అపరిచితుల నుంచి వచ్చిన వరుసలకు దానిని వాడరాదని ఆ ఉపకరణం వివరణపత్రమే హెచ్చరిస్తుంది. సురక్షితమార్గం ఒక్కటే: అనుమతించిన సంఖ్యలు, చరరాశులు, పరిక్రియలు తప్ప మరి దేనినీ అంగీకరించని సొంత వ్యాకరణాన్ని రచించుకోవడం. తెలియని పదం కనిపించిన వెంటనే ‘ఇది నా భాషలో లేదు’ అని ఆగిపోయే యంత్రమే నమ్మదగినది.

తీర్పుకు ముందు

ఈ విషయమంతా విద్యార్థికి ఎందుకు? జవాబును నాలుగు ఎంపికలలోంచి ఏరుకోక, స్వయంగా సూత్రంగా టైపు చేసే కంప్యూటర్ పరీక్షలు నేడు అనేక దేశాలలో ఉన్నాయి. ఒక విద్యార్థి ‘1/2యా’ అని టైపు చేశాడనుకుందాం. అతని మనసులో ఉన్నది రెండు యాల విలోమం. యంత్రం ఎడమ నుంచి చదివి, యాలో సగం అని గ్రహించింది. యా విలువ 4 అయితే మొదటిది 1/8, రెండవది 2. అతనికి గణితం వచ్చు. మార్కు మాత్రం రాలేదు. ఇది త్వష్టకు కలిగిన నష్టం వంటిదే.

బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ సాంగ్విన్ 2000ల దశాబ్దంలో ప్రారంభించిన ‘స్టాక్’ అనే పరీక్షావిధానంలో దీనికి ఒక పరిష్కారం కనిపిస్తుంది. విద్యార్థి టైపు చేసిన వరుసను మొదట అన్వయించి, లవహారాలతో, ఘాతాలతో అచ్చుపుస్తకంలోవలె తీర్చి, ‘నీ జవాబును ఇలా గ్రహించడమైనది’ అని తిరిగి అతనికే చూపుతుంది. పొరపాటు కనబడితే అతడు కుండలీకరణం చేర్చి సవరించుకోవచ్చు. ఆ తరువాతనే మాక్సిమా సాయంతో మూల్యాంకనం. (యా + 1)² అన్నా, యా² + 2యా + 1 అన్నా సరియైన జవాబే. ఒకదాని నుంచి మరొకటి తీసివేసి, సున్న మిగిలిందో లేదో యంత్రం పరిశీలిస్తుంది. ఈ పరీక్షకూ హద్దు ఉంది. త్రికోణమితి, ఘాతీయ ప్రమేయాల వంటివి కలిసిన విస్తృతమైన సమాసవర్గాలలో, ఏ సమాసాన్నయినా సున్నకు సమానమో కాదో తేల్చగల సార్వత్రిక పద్ధతి ఉండదని 1968లో డేనియల్ రిచర్డ్‌సన్ నిరూపించాడు. అర్థాన్ని గ్రహించిన తరువాత కూడా తీర్పు అన్నివేళలా సులభం కాదన్నమాట.

‘నీవు చెప్పినది నేను ఇలా గ్రహించాను, సరియేనా?’ అని అడిగిన తరువాతనే మంచి చెడ్డలు నిర్ణయించడం యంత్రానికి నేర్పిన మర్యాద. వ్యాఖ్యాతలు పద్యాన్ని విమర్శించడానికి ముందు ప్రతిపదార్థం రాయడంలోని ధర్మమూ ఇదే. రాసేవాడికి కూడా ఒక ధర్మం ఉంది: చదివేవాడు ఊహించవలసిన అవసరం లేకుండా రాయడం. సందేహం ఉన్నచోట ఒక జత కుండలీకరణాలు చేర్చినవాడు తనకే కాక, చదివే ప్రతివానికీ ఉపకారం చేసినవాడవుతాడు.

అర్థాలు

శాబ్దికులు = వ్యాకరణవేత్తలు
ఉదాత్తము = వేదపఠనంలో ఎత్తి పలికే స్వరం
అవ్యక్తరాశి = విలువ తెలియని రాశి
సంక్షేపించు = క్లుప్తపరచు
లుప్తము = లోపించినది
అవకలజము = మార్పురేటును తెలిపే ప్రమేయం
విలోమము = గుణకారంలో 1ని ఇచ్చే జత రాశి
మూల్యాంకనం = విలువకట్టడం, మార్కులు నిర్ణయించడం

అభ్యాసం

I. ఈ కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. అక్షరాల వరుస గణితసమాసంగా మారే క్రమాన్ని మెట్లవారీగా వివరించండి.
2. ‘చదవడం వేరు, ఆజ్ఞను పాటించడం వేరు’ – పాఠ్యాంశం ఆధారంగా సమర్థించండి.

II. ఈ కింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. ‘ఇంద్రశత్రు’ అనే సమాసానికి గల రెండు విగ్రహాలను, వాటి ఫలితాన్ని తెలపండి.
2. డైక్‌స్ట్రా చూపిన మార్గాన్ని అనుసరించి 2 × 3 + 4 అనే సమాసంలో పరిక్రియలు చివరకు చేరే వరుసను సాధించండి.
3. ‘స్టాక్’ విధానంలో విద్యార్థికి లభించే మేలు ఏమిటి?

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ‘యావత్తావత్’ అంటే ఏమిటి?
2. ‘ఫోర్‌ట్రాన్’ అనే పేరుకు అర్థం ఏమిటి?
3. గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చినవారు ఎవరు?

IV. భాషాభ్యాసం
‘కొత్త పూల కుండీ’, ‘చిన్న పిల్లల బడి’ – వీటికి రెండేసి విగ్రహవాక్యాలు రాసి, ఒక్కొక్క అర్థం వచ్చేటట్లు కుండలీకరణాలు ఉంచి చూపండి.